వదిన మానని ఒక్కటి

మా వదినకు ఆ మందు గోలీలు అడిగి తెచ్చింది నేనేనన్న మాట రెండేళ్లు దాచాను.

ఒంటినిండా దద్దుర్లు లేస్తుంటే సిరొంచ పట్నంలోని డాక్టర్ ఆమెతో పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు అన్నీ మాన్పించాడు. సత్తువ తగ్గకుండా విటమిన్ గోలీలు రాశాడు. అవి అయిపోతే కొనడానికి వెళ్లిన నేను, ఎక్కువ బలమని చేప నూనె గోలీలు అడిగి తెచ్చాను. గోలీలో ఉన్నది తిండి కిందికి రాదనుకున్నాను.

వదిన రోజూ పొద్దున గడపలో నిలబడి, చేతులు వెలుతురుకు తిప్పి చూసుకునేది. అన్నం, సొరకాయ తప్ప ఏదీ ముట్టకపోయినా దద్దుర్లు పెరిగాయి.

"దొంగచాటుగ చేపలు తింటున్నవా ఏందే?" అన్నాడు అన్న. అందరితోపాటు నేనూ నవ్వాను.

"నా నోరు నా మాట వింటది," అంది వదిన. "అన్నీ బంద్ చేసిన. బంద్ చెయ్యంది గీ గోలీలొక్కటే. ఇగ వీటి సంగతి చూస్త."

డబ్బా పట్టుకుని మా ఊరు బామ్ని నుంచి ఒక్కతే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. అందులో చేప నూనె ఉందని ఆయన చెప్పాడు. దుకాణం వాళ్ల పొరపాటని వదిన అనుకుంది. నేను అనుకోనిచ్చాను.

డాక్టర్ రాసిన గోలీలే మళ్లీ వేసుకున్నాక నెలలో ఆమె చేతులు నున్నబడ్డాయి. తర్వాత ఆయన చెప్పినట్టే ఒక్కొక్కటిగా పాలు, పల్లీలు, గుడ్లు గెలుచుకుంది. పడనిది చేప ఒక్కటేనని తేలింది.

మొన్న అందరం తింటుంటే వదిన రెండో గుడ్డు వేసుకుని, "దొంగతిండి కాదు, మంచిగ చూడుండ్రి!" అంది. అన్న తల వంచుకుని నవ్వాడు.

"దుకాణపాయన తప్పేం లేదు," అన్నాను. "గా చేప నూనె గోలీలు నేనే అడిగి తెచ్చిన. నిన్ను దొంగను చేసి నవ్విన. తప్పు నాది వదినా, మాఫ్ చెయ్."