నా చక్కెర, అంజనమ్మ వేలు

సూదిమొనంత నొప్పిని తప్పించుకోబోయి ఇంకో మనిషి కాలిమీదికి తెచ్చిన మగాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే దిగులు పడకండి, ఇది చదవడం పూర్తయ్యేలోపు చూస్తారు. ఆ మహానుభావుడు నేనే. నవ్వుకోండి, నవ్వడానికే రాస్తున్నాను. మధ్యలో నవ్వు గొంతుకు అడ్డం పడితే నన్ను తిట్టుకోండి, అదీ న్యాయమే.

మాది తనకల్లు దగ్గర ఒక పల్లె. ఇరవై ఎకరాల వేరుశనగ చేను మాకు. ఇరవై ఎకరాలనగానే కోస్తావాళ్లు నోరు తెరుస్తారు. మా వైపు ఇరవై ఎకరాల ఆసామి అంటే ఇరవై ఎకరాల మేర వాన కోసం మొగులు చూసేవాడని అర్థం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వరసగా కరువులు వచ్చాయి. చేలో పండనిదంతా నా ఒంట్లో పండింది. నలభై ఏళ్లకే చక్కెర జబ్బు.

ఆ జబ్బు మా నాయన ఇచ్చిపోయిన ఆస్తి. ఆయనకు కాలిలో తుమ్మముల్లు గుచ్చుకుని, పుండు మానక, మోకాలి వరకు తీసేశారు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు. ఆయనను మంచం మీద నుంచి ఎత్తి దింపినవాణ్ణి కాబట్టి చక్కెరంటే నాకు మహా భయం. అంతకు రెట్టింపు భయం సూదంటే.

అనంతపురంలో నన్ను చూసే డాక్టరు పెద్దవాడు, మా సీమ మనిషే, మొహమాటం ఎరగడు. మాత్రలకు లొంగడం లేదని ఇన్సులిన్ పెట్టాడు. రెండు పూటలా నా భార్య అంజనమ్మ పొట్టలో పొడిచేది, నేను కళ్లు మూసుకుని గోడవైపు తిరిగేవాణ్ణి. అంతవరకు సంసారం సాఫీగానే నడిచింది. ఆ తర్వాత డాక్టరు వేలిచుక్కతో చక్కెర చూసే చిన్న మిషన్ కొనిపించాడు. వారంలో ఒక దినం, ఆ దినం నాలుగుసార్లు వేలు పొడిచి చూసుకుని నోటుబుక్కులో రాయమన్నాడు.

"ఆ అంకెలు చూసే నేను మందు ఎంతని చెప్పేది. అంకె తప్పైతే మందూ తప్పైతాది. గుర్తు పెట్టుకోప్పా" అన్నాడు.

గుర్తు పెట్టుకున్నాను. పెట్టుకుని ఏం చేశానో వినండి.

మొదటిరోజు పొద్దున్నే ఇంటిముందు కట్ట మీద కూర్చుని, నెత్తురుచుక్క అంటించే పట్టీని మిషన్‌లో దూర్చాను. సూది ఒక చేతిలో, వేలు ఇంకో చేతిలో. రెండూ కలవడం లేదు. పొట్టలో పొడిచే సూది చీమ అయితే వేలికొసన పొడిచే సూది తేలు. అరగంట గడిచింది. అంజనమ్మ పేడకసువు చేసుకుని వచ్చి నన్ను చూసింది.

"ఇంతింత మీసాలు పెట్టుకోని దీనికా భయం? ఇట్ల పొడుచుకుంటే అయిపోతాదప్పా" అని, నాకు చూపించడానికి తన వేలు తానే పొడుచుకుంది. ఎర్రటి చుక్క ఉబికింది.

పట్టీ ఏమో లోపల పెట్టేశాను. అది చానా ఖరీదు. దండగ చేయడం ఎందుకని ఆ చుక్కే దానికి అంటించాను. రెండువందల అరవై ఎనిమిది చూపించింది. అదే బుక్కులో నా పేరు కింద రాశాను.

"నా నెత్తురు చూసి నీ పేరు రాస్తే ఎట్ల?" అంది అంజనమ్మ.

"ఇద్దరం తినేది ఒకే కుండలో సంగటి, ఒకే సట్టిలో పప్పు. నీ చక్కెరకు నా చక్కెరకు తేడా యాడుంటాదే?" అన్నాను.

"ఏమో. నువ్వు చదివినోడివి" అంది.

చదివినవాణ్ణే. పదో తరగతి, అదీ ఫస్టు క్లాసు. పైగా అర్ధాంగి అంటే సగం శరీరమని శాస్త్రం చెబుతోంది కదా, ఆ సగంలో నుంచి తీస్తే తప్పేముంది? ఈ సిద్ధాంతాన్ని నేను సగం నమ్మాను, సగం నమ్మినట్టు నటించాను. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అట్లా మా ఇంట్లో నెత్తురొకరిది, అంకె ఒకరిది అయింది. వారానికి నాలుగుసార్లు చొప్పున ఏడాదికి పైగా సాగింది. ఆమె చేయి చాపేది, నేను దొరలాగా కూర్చుని రాసేవాణ్ణి.

అంకెలు నెలనెలా పెరిగాయి. అంకెలు పెరిగేకొద్దీ డాక్టరు నా ఇన్సులిన్ పెంచాడు. నాకు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలయ్యాయి. రోగం ముదిరిందనుకున్నాను.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ రోజుల్లోనే అంజనమ్మ చెంబుల కొద్దీ నీళ్లు తాగేది. మా ఊరికి ట్యాంకరు మూడు దినాలకొకసారి వచ్చేది. "నిన్ను కట్టుకునే బదులు బోరు వేయించుకున్నా బాగుండు, ఊరి ట్యాంకరంతా నువ్వే తాగేట్లుండావు" అని కట్ట మీద నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. రవికలు వదులయ్యాయి. కరువులో చిక్కనిది ఎవరు? కాలి వేళ్ల సందున ఏదో గుచ్చుకుని పుండైతే పసుపు పెట్టి గుడ్డ కట్టుకుని కుంటుతూ తిరిగింది. చేలో పనిచేసే మనిషికి ముల్లు గుచ్చుకోక మల్లెపూలు గుచ్చుకుంటాయా? దప్పిక, నీరసం, చిక్కిపోవడం ఇవన్నీ మా ఊళ్లో గడపగడపకూ ఉన్నవే. వాటిని జబ్బనుకోవాలని ఎవరికీ తట్టలేదు. నాకు అసలే తట్టలేదు.

ఆ ఏడు కరువు చూడటానికి పెద్ద ఆఫీసర్ల బృందం జీపుల్లో వచ్చింది. కరువు బృందానికి ఎండిన చేను చూపించడంలో మా మండలంలో నన్ను మించినవాడు లేడు. ఏ చేను ముందు చూపాలి, ఏ మొక్క పీకి నేలలోకి దిగిన ఊడలకు కాయల్లేవని చూపాలి, అన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజు మొక్క పీకి పైకెత్తి, "సార్, ఈ మొక్కను చూడండి" అన్నాను. అంతే, మొక్కతో సహా వాళ్ల బూట్ల మీద పడ్డాను. మరునాడు పేపర్లో నా ఫొటో పడింది. కింద 'ఆకలితో సొమ్మసిల్లిన కరువు రైతు' అని రాశారు. ఫొటోలో అన్నిటికంటే స్పష్టంగా కనిపించింది నా బొజ్జే. ఆకలికే అంత బొజ్జుంటే తిండికి ఎంతుంటాదో అని ఊరు వారం రోజులు నవ్వింది.

డాక్టరు మాత్రం నవ్వలేదు. "చక్కెర ఇంత ఎక్కువుండేటోడు పడేది ఇట్ల కాదే" అని బుక్కు తిరగేసి తిరగేసి చూశాడు. చివరికి అప్పట్లో కొత్తగా వచ్చిన ఇంకో మిషన్ తగిలించాడు. పొట్ట చర్మం కింద వెంట్రుకంత తీగ, దానికి వైరు, వైరు కొసన మొలకు కట్టుకునే డబ్బా. రాత్రీ పగలూ ఐదేసి నిమిషాలకు ఒకసారి లోపలి చక్కెర సంగతి తనలో రాసుకుంటుంది, మనకు చూపదు. మూడు దినాలైనాక డాక్టరే విప్పి చూడాలి. ఆ మూడు దినాలూ వేలు పొడిచి వచ్చిన అంకెలు కూడా దాంట్లో నొక్కాలి, రెంటినీ సరిచూసుకోవడానికి.

మొలకు ఏదో కట్టుకుని చొక్కా కింద దాచుకుని తిరుగుతుంటే మా సీమలో జనం ఏమనుకుంటారో మీకు తెలుసు. ఎప్పుడూ ఎదురు పలికే వాళ్లు కూడా ఆ మూడు దినాలు పక్కకు తప్పుకున్నారు. నేను ఆ మర్యాద అనుభవిస్తూ, అలవాటు ప్రకారం వేలు మాత్రం అంజనమ్మదే పొడిపించాను.

నాలుగో నాడు అనంతపురం పోయాము. దారిలో పడిపోతానేమోనని అంజనమ్మ తోడు వచ్చింది. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను లోపలికి పోయాను. డాక్టరు మిషన్ కాగితాన్నీ నా బుక్కునూ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చూశాడు.

"ఏమప్పా, తీగ చెప్పేదొకటి, వేలు చెప్పేదొకటి. తీగేమో నీకు చక్కెర పడిపోతాందంటాది. వేలేమో ఆకాశంలో ఉండాదంటాది. రెండూ ఒక మనిషివి కావని మిషన్ మొండికేసింది. ఈ పొట్ట నీదేనా?"

"నాదే సార్."

"మరి వేలు?"

తలుపువైపు చేయి చూపించాను.

"బయట బెంచీ మీద ఉండాది సార్" అన్నాను.

ఆయన లేచి తానే బయటికి పోయాడు. అంజనమ్మ సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది. అక్కడే ఆమె వేలు పొడిచి చూశాడు. ఈసారి అంకె కూడా రాలేదు. ఇంత లెక్క నావల్ల కాదన్నట్టు మిషన్ రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించి ఊరుకుంది.

"నీకు ఎప్పుడూ చక్కెర పరీక్ష చేయించలేదేమ్మా?" అని అడిగాడు.

"చేయించకేమి సార్, వారానికి నాలుగుసార్లు చేస్తాండాము. పుస్తకంలో పేరే ఆయప్పది" అంది అంజనమ్మ. ఎత్తిపొడుపు లేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

అప్పుడు డాక్టరు చూపు ఆమె కాలి గుడ్డ మీద పడింది. వంగి విప్పాడు. ఆ వాసన నాకు తెలుసు. మా నాయన మంచం పక్కన రెండు నెలలు పీల్చిన వాసనే.

"మీ నాయన కాలు చూసినోడివి గదప్పా" అన్నాడు డాక్టరు. పెద్దాసుపత్రికి చీటీ రాయడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే పెద్దాసుపత్రిలో ఆమె కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. నా ఇన్సులిన్ సగానికి సగం తగ్గించారు, నా వణుకు, కళ్లు తిరగడం ఆగిపోయాయి. ఏడాదిగా నేను ఎక్కించుకున్న మందు ఆమె జబ్బుకు, ఆమె పొడిపించుకున్న వేలు నా జబ్బుకు. ఆ బుక్కు పైన పేరొక్కటి సరిగా రాసి ఉంటే ఆ రెండు వేళ్లూ ఉండేవి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాడంటారు. నేను తెచ్చింది మాటవరసకు కాదు, నిజంగానే.

ఇంటికి తెచ్చుకున్న రోజు, ఎవరూ చూడకుండా మంచం దగ్గర కూర్చుని ప్రమాణం చేద్దామని ఆమె కాలు ముట్టాను. ఆమె చటుక్కున వెనక్కి లాక్కుంది.

"ఆ కాలొద్దప్పా, దాంట్లో లెక్క తక్కువుండాది. ఈ కాలు ముట్టి చెప్పు" అని ఎడమకాలు చాపింది.

అయిదు వేళ్లున్న ఆ కాలు ముట్టి, సూర్యచంద్రులు సాక్షిగా, వాన లేని మొగులు సాక్షిగా చెప్పాను. ఇకమీదట నా ఒంటికి నా వేలే సాక్ష్యం చెబుతుందని, ఇంట్లో పుస్తకాలు రెండుంటాయని, ఎవరి నెత్తురు వాళ్ల పేరు మీదే రాస్తానని, పెండ్లాం అడిగినన్ని చెంబుల నీళ్లు నోరు మూసుకుని అందిస్తానని.

"అట్లయితే వేలు చాపు" అంది, దిండు కింద నుంచి సూది తీస్తూ.

చాపాను. ఊరంతా వినేట్టు అరిచాను. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆమె నవ్వింది అప్పుడే.