ఐదున్నర గంటల నింద

మా మేనమామ గోవిందప్ప గారు కన్నుమూశారు. మొన్న తెల్లవారుజామున నిద్రలోనే గుండె ఆగిపోయింది. పద్మత్త ఫోన్‌లో చెప్పిన మాట నా బుర్రకెక్కేలోపే ఇంకో ఫోన్ మోగింది. దూరపు బంధువు. పరామర్శకు చేశాడనుకున్నాను.

"పేజీలో పడిందా రవీ? ఎప్పటి టైము పడిందప్పా? ఇంకెవరి పేరన్నా ఉండాదా?"

మనిషి పోయాడన్న దుఃఖం కన్నా, ఆ మనిషి చేతికి చావులు ముందే తెలుస్తాయన్న భయమే ఆ గొంతులో వినిపించింది. ఆ భయాన్ని పుట్టించినవాణ్ణి నేను. అది చెప్పకుండా ఆయన గురించి ఒక్క మంచి మాట రాసే అర్హత నాకు లేదు. అందుకే, మీరంతా భయపడుతూ చూసే ఈ పేజీలోనే రాస్తున్నాను.

మామ చిక్కపేటలో చాలాకాలం జరీ అంగడి నడిపారు. మన కుటుంబాల్లో చావు కబురు ఒక మనిషి నోటనే ఇంటింటికీ వెళ్ళాలన్న ఆచారం ఉంది. మా తాత సైకిల్ మీద సందు సందూ తిరిగి చెప్పేవాడట. ఆ బాధ్యత మామకు సంక్రమించేనాటికి మనవాళ్ళు హూడి, బెళ్ళందూరు, చందాపుర అని తలో దిక్కుకు చెదిరిపోయారు. అంగడి మూసేశాక ఆయన కంప్యూటర్ల పని చేసే నన్ను పిలిచి, కబురు చెప్పేదానికి ఇంటర్నెట్‌లో ఒక పేజీ కావాలన్నారు. అద్దెకు చోటు దొరుకుతుంది, నెలకు కొంచెం కడితే చాలన్నాను. ఆయన ముఖం ముడుచుకుంది.

"మన పోయినోళ్ళను ఎవురి మెషీన్లోనో పెట్టేదా? మన ఇంట్లోనే ఉండనీ అప్పా."

నా పాత కంప్యూటర్‌ను తీసుకెళ్ళి మెట్ల కింది గూట్లో పెట్టాను. దాన్ని నడిపే లినక్స్ ఎక్కించాను. పేజీని బయటికి అందించే వెబ్ సర్వర్‌ను అమర్చి, బయటివాళ్ళు ఆ గూటిదాకా రావడానికి రౌటర్‌లో దారి తెరిచాను. కరెంటు పోయినా నిలబడేలా యూపీఎస్ తగిలించాను. చీకటి గూట్లో ఆకుపచ్చ దీపం ఒకటి మినుకుమంటూ ఉండేది. ఎవరైనా పేజీ తెరిచినప్పుడల్లా అది గబగబా కొట్టుకునేది. "ఎవురో చూస్తా ఉండారు" అని మామ గొంతు తగ్గించేవారు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా ఆ దీపం కొట్టుకుంటుంటే, మెట్ల కిందికి ఎవరో వచ్చి పోతున్నట్టే ఉండేది.

ఆయన నియమం ఒక్కటే. ఆ ఇంటి మనిషి స్వయంగా చెప్పందే అక్షరం రాయరు. ఒకసారి చందాపురలో ఒకాయన పోయాడని అందరి ఫోన్లలోనూ వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఎండలో రెండు బస్సులు మారి మామే వెళ్ళారు. సాయంత్రం నవ్వుకుంటూ తిరిగొచ్చారు. "పోయినాడన్న మనిషే పీట వేసి కూచోబెట్టినాడు. సంగటి తినేదాకా వదల్లేదప్పా!" ఆ తర్వాత నవ్వు ఆపి, "మూడో మనిషి మాట మీద రాసుంటే, నేనే చంపినట్టు గదా?" అన్నారు.

అలాంటి మనిషి మీద నింద పడింది. ఒక శుక్రవారం తెల్లవారుజామున మనవాళ్ళలో ఒక పెద్దామె పోయింది. కొడుకు ఫోన్ చేయగానే మామ లేచి కబురు పేజీలో పెట్టారు. కబురులో శుక్రవారం అని ఉంది. కింద మెషీన్ తనంతట తాను వేసిన సమయం మాత్రం గురువారం రాత్రి పదకొండు. అప్పటికి ఆమె కొడుకుతో మాట్లాడుతూ ఉంది. ఎవరో దాన్ని ఫోటో తీసి అందరికీ పంపారు. తర్వాత వెనక్కి వెళ్ళి వెతికితే అలాంటివి ఇంకా దొరికాయి. తెల్లవారుజామున పోయిన ప్రతివాళ్ళ కబురూ ముందు రాత్రే పడినట్టు ఉంది.

మామ నన్ను పిలిపించారు. "ఆ కింద పడే టైము యాడనుంచి వస్తాదప్పా?"

చూడగానే అర్థమైంది. లినక్స్ ఎక్కించేటప్పుడు ఏ ఊరి గడియారం ప్రకారం నడవాలో అడుగుతుంది. మా ఆఫీసులో సర్వర్లన్నీ ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉండే సమయం మీద నడుస్తాయి. మన సమయానికి అది ఐదున్నర గంటలు వెనక. చేతి అలవాటుకొద్దీ మామ ఇంట్లోనూ అదే పెట్టాను. తెల్లవారుజామున నాలుగున్నరకు రాసిన కబురు ముందు రాత్రి పదకొండుకు రాసినట్టు కనబడుతుంది. అంతకు మించి ఏ రహస్యమూ లేదు.

కానీ అంతకు కొద్ది రోజుల ముందే ఆ పేజీ చేసినందుకు మనవాళ్ళు సభలో నాకు శాలువా కప్పారు. ఆ పెద్దామె కొడుకు అప్పటికే మామ వాకిట్లో నిలబడి కేకలు వేసి వెళ్ళాడు. "అది మెషీన్ వేసుకుంటాది మామా, సుమ్నే అట్లే వదిలేయండి" అన్నాను. మెల్లగా సరిచేద్దామనుకున్నాను. అప్పటికే ఫోటోలు అందరి దగ్గరా ఉన్నాయి. ఇప్పుడు మారిస్తే దొంగతనంగా దిద్దారంటారని నాకు నేను చెప్పుకున్నాను. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ ఏళ్ళలో మామను మనవాళ్ళు ఏం చేశారో మీకు తెలుసు. మంచాన పడ్డవాళ్ళు పొద్దున్నే "నా పేరు వచ్చిందేమో చూడమ్మా" అని పిల్లల్ని అడిగేవారు. బాల్యమిత్రుడు ఆసుపత్రిలో ఉన్నాడని మామ చూడబోతే నేనూ వెంట వెళ్ళాను. ఆ మిత్రుడి కొడుకు గది తలుపు దగ్గరే అడ్డం నిలబడ్డాడు.

"మా నాయన నిద్రపోతా ఉండాడు మామా. ఇంకో పొద్దు రాండి."

లోపల్నుంచి గొంతు వినిపించింది. "ఎవురప్పా అది? గోవిందుడా? నన్ను రాసేదానికి వచ్చినాడా?"

మామ చేతిలోని బత్తాయిల సంచిని గుమ్మం పక్కన పెట్టి వెనుదిరిగారు. ఇంటికి వచ్చాక తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. "ఇంతమంది అబద్ధం చెప్తారా? నాకు తెలీకనే దీనికి తెలుస్తా ఉండాదేమో రవీ."

ఆయన కూడా నమ్మేశారు. నేను చేసిన అపరాధాల్లో అది అన్నిటికన్నా పెద్దది. అత్తకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రమాదంగా ఉన్నప్పుడు, ఆయన మెట్ల కిందికి దూరి వైర్లన్నీ పీకేసి, ఆమె కోలుకునేదాకా ఆ చేతికి గుడ్డ చుట్టుకుని తిరిగారు. "రాయలేదు కాబట్టే నువ్వు మిగిలినావు" అని ఆమెతో అన్నారు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా చెప్పలేదు. మళ్ళీ ఎవరో పోతే, ఆచారం తప్పకూడదని తానే వైర్లు తగిలించారు. ఆ కబురు రాశాక చేతిని చాలాసేపు నీళ్ళ కింద పెట్టుకున్నారట.

మొన్న ఆయన కబురు నేను రాయాల్సి వచ్చింది. పోయిందీ తెల్లవారుజామునే. పెడితే ముందు రాత్రి సమయం పడుతుంది. తన చావును తానే రాసుకున్నాడని పుకారు పుడుతుంది. మెట్ల కింద కూర్చున్నాను. అత్త వెనక వచ్చి నిలబడింది. అప్పుడు ఆమెకు అంతా చెప్పాను. ఒక వరుస టైపు చేసి, మన ఊరి గడియారం పెట్టాను. మెషీన్ లోపలి లెక్క ఎప్పుడూ సరైనదే, చూపించడంలోనే తప్పు. పేజీ మళ్ళీ తెరిస్తే పాత కబుర్లన్నీ ఒక్కసారిగా చావుల ముందునుంచి చావుల తర్వాతికి జరిగిపోయి ఉన్నాయి.

"అయిపోయిందా?" అంది అత్త.

"అయిపోయింది అత్తా."

"ఇంతేనా అప్పా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మీ దగ్గర పాత ఫోటోలు ఉంటే తీసి, ఇప్పటి పేజీ పక్కన పెట్టి చూడండి. ప్రతిదానిలోనూ తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉంటుంది. ఆ తేడా నాది. మన గడపల్లో నిలబడి, కన్నీళ్ళు ఆగేదాకా కాచుకుని, పేరు సరిగ్గా అడిగి తెలుసుకుని రాసిన చెయ్యి మాత్రం ఆయనది. అలాంటి చెయ్యి మనకు మళ్ళీ దొరకదు. దాన్ని పట్టుకుని క్షమాపణ అడిగే అవకాశం నాకు లేదు. మీకూ లేదు.

గోవిందప్ప గారికి ఎవరి చావూ ముందుగా తెలియలేదు. తన చావు కూడా. పోయేముందు సాయంత్రం సంతకు వెళ్ళి అనపకాయలు తెచ్చి, తానే ఒలిచి, "రేపు పితుకుపప్పు చేద్దామే" అని అత్తతో నానబెట్టించారు. మేము ఆయన్ను వాకిట్లోకి దించేసరికి గింజలు బాగా నాని, తొక్క వదిలి, పితకడానికి సిద్ధంగా ఉన్నాయి.