ఆయ్ అంటే అవును కాదు

నాలుగు రోజులుగా ముసురు. పక్కింటివారు మొక్కల కుండీల కోసం తెప్పించిన కొబ్బరిపొట్టు బస్తాలోనే తడిసి మాగిపోయింది. వాసన లోపలికి వస్తోందని మా కోడలు కిటికీ వేయబోతే ఉంచమన్నాను. కాలవలో నానేసిన కొబ్బరి డొక్కల వాసన అది. అమలాపురం అవతల, కాలవ గట్టున ఉండే సామ్యేలు గారి అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఆ వాసన తప్పేది కాదు. యాభైల మొదట్లో మూడు నెలలపాటు రోజూ సాయంత్రం నేనక్కడ కూర్చున్నాను. ఆ ఏటి డైరీ తీసి చూస్తే ఆయన పేరు లేని పేజీ ఆ మూడు నెలల్లో ఒక్కటీ కనబడలేదు.

సామ్యేలు గారు మలయాలో ఒక రబ్బరు తోట ఆఫీసులో చాలాకాలం గుమాస్తాగా చేసి, యుద్ధానికి ముందే ఇంటికి వచ్చేశారు. అక్కడ గుమాస్తాను కిరాణీ అంటారట. ఆ మాట పట్టుకుని మా వైపు చాలామంది ఆయన్ని కిరాణీ గారనేవారు. ఒకసారి గోదావరి లంకల నుంచి వచ్చిన రైతు ఒకాయన కిరాణా కొట్టనుకుని సంచీతో అరుగెక్కి కందిపప్పు అడిగాడు. "పప్పు లేదయ్యా, ఇంగ్లీషుంది. ఎంత కట్టమంటావు?" అన్నారాయన, మొహంలో నవ్వు కనబడనీయకుండా.

నేను కాకినాడలో బి.కాం. పాసై ఏడాది దాటినా ఉద్యోగం లేదు. అప్పుడు పేపర్లో ఒక ప్రకటన వచ్చింది. మలయాలో తోటల లెక్కలు చూసే కంపెనీకి తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన అకౌంట్స్ అసిస్టెంటు కావాలి. కంపెనీ దొర కాకినాడలో రెండు రోజులు ఆగి అభ్యర్థులను చూస్తాడు. ఆ దేశంలోకి కొత్తవాళ్ళను రానివ్వడం త్వరలోనే ఆపేస్తారని అందరూ చెప్పుకుంటున్నారు. ఈసారి తప్పితే మరోసారి లేదు. మా నాన్న ఇంకో మాట కూడా అన్నారు: ఇది రాకపోతే మర్నాటి నుంచే మిల్లులో కాటా దగ్గర కూర్చోవాలి. ఆయనే నన్ను కాలవ గట్టుకు తీసుకువెళ్ళారు. వీధిలో కనబడితే 'ఏవయ్యా సామ్యేలూ' అని పిలిచే మా నాన్న, ఆ రోజు అరుగు కింద చెప్పులు విడిచి, 'సామ్యేలు గారండీ' అన్నారు.

మొదటి వారమంతా ఆయన నాకు పాఠమేమీ చెప్పలేదు. తోట ఆఫీసు ఎలా నడుస్తుందో చెబుతూ పోయేవారు. నేను మర్యాదగా వింటూ మధ్యమధ్య 'ఆయ్' అనేవాణ్ణి. మా కోనసీమలో పెద్దలు మాట్లాడుతుంటే ఊరుకోవడం పొగరు. ఆయ్ అంటూ ఉండాలి. ఒక సాయంత్రం ఆయన అదే గొంతుతో, ఖర్చు రాసేది జమ వైపు కదా అన్నారు. నేను ఆయ్ అన్నాను. ఆయన ఆగిపోయారు.

"ఏవన్నావు బాబూ?"

"ఆయ్ అన్నానండి."

"అంటే?"

"వింటన్నానని అండి."

"ఇక్కడది వినడం. అక్కడది సంతకం."

ఆ తరువాత ఆయన చెప్పింది నేను డైరీలో రాసుకోవడానికి మూడు రోజులు పట్టింది. ఆయన తోటలో దొర స్కాట్లండువాడు. వాళ్ళ నోట కూడా ఆయ్ అనే మాట ఉందట. వాళ్ళకది గట్టి అవును. ఒక ఉదయం దొర హాజరు పుస్తకం ముందేసుకుని, అప్పన్న ముఠా నిన్న పని ఎగ్గొట్టి వెళ్ళిపోయిందట కదా అని అడిగాడు. అప్పన్న మన తీరంవాడే. వర్షం పడితే మేస్త్రీయే వాళ్ళను పంపేశాడని కిరాణీ గారికి తెలుసు. దొర మాట పూర్తయ్యాక చెబుదామనుకున్నారు. అలవాటు కొద్దీ ముందుగా నోట ఆయ్ అన్న మాట వచ్చింది. దొర తలూపి, ఎర్ర సిరాతో గీత కొట్టి, పుస్తకం మూసేశాడు. సాయంత్రానికి అప్పన్న కుటుంబం మూటలతో తోట గేటు బయట ఉంది. "తరవాతైనా కాదండీ అంటే నా ఉద్యోగం ఉంటాదా అని భయపడ్డాను" అని మాత్రం అన్నారు, కాలవ వైపు చూస్తూ.

ఆ మర్నాటి నుంచి అదే సాధన. ఆయన తప్పు మాటలు చెప్పేవారు. నేను 'నో సర్' అనాలి. నాకు చెమట పట్టేది. అంత పెద్దాయన మొహం మీద కాదనడం కంటే లెక్కల పరీక్ష మళ్ళీ రాయడం తేలికనిపించేది.

దొర రమ్మన్న రోజున ఎదుర్లంక దగ్గర పంటు మీద గోదావరి దాటి, బస్సు పట్టుకుని కాకినాడ చేరాను. బంగళా వరండాలో మా పదకొండు మందిలో నాది చివరి పేరు. లోపలికి వెళ్ళేసరికి దొర అలసిపోయి ఉన్నాడు. నా దరఖాస్తు చదువుతూ ఒక్కొక్కటీ అడుగుతున్నాడు. బి.కాం. ఆయ్. తెలుగు చదవడం, రాయడం. ఆయ్. ఆఫీసు లెక్కల్లో రెండేళ్ళ అనుభవం. ఆయ్.

ఆ మాటకు దొర మొహం వికసించింది. ఈయనా స్కాట్లండువాడే కాబోలు, తన ఊరి మాట విన్నవాడిలా నవ్వి, ఆయ్ అని తనూ అని, సిరాబుడ్డి వైపు కలం చాపాడు. నాకు ఏ ఆఫీసులోనూ రెండు రోజుల అనుభవం లేదు. అమలాపురంలో దరఖాస్తు టైపు చేసినాయన, రెండేళ్ళ అనుభవం అని ఓ ముక్క పడేస్తానండీ అన్నాడు. యంత్రం చప్పుడులో సరిగా వినకుండానే ఆయ్ అన్నాను. చదవకుండానే సంతకం పెట్టాను. ఇప్పుడు ఊరుకుంటే ఉద్యోగం నాది. అది దొర నవ్వులోనే తెలుస్తోంది. కాటా, మా నాన్న విడిచిన చెప్పులు, రెండూ కళ్ళ ముందు నిలిచాయి.

"నో సర్," అన్నాను. ఆయ్ అంటే మా ఊళ్ళో వింటున్నానని అర్థమనీ, ఆ అనుభవం నాకు లేదనీ, చదవకుండా సంతకం పెట్టడం నా తప్పనీ చెప్పాను. దొర నవ్వు పోయింది. ఆ వాక్యం మీద గీత కొట్టి, నన్ను వెళ్ళమన్నాడు.

తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుని అంతా చెప్పాను. మెచ్చుకుంటారేమోనని చూశాను. ఆయన ఒకటే అడిగారు.

"ఆయ్ కీ నో కీ మధ్య ఎంతసేపయ్యింది?"

"ఆయన కలం సిరాలో ముంచేంతసేపండి."

"నాకు పదహారేళ్ళయ్యింది బాబూ. ఇంకా అన్లేదు."

ఐదు వారాలకు ఉత్తరం వచ్చింది. అసిస్టెంటుగా కాదు, ఏడాదిపాటు శిక్షణలో ఉండే జూనియరుగా తీసుకున్నారు. జీతం ప్రకటనలో అన్నదానికి సగం. ప్రయాణానికి ముందు వెళ్ళినప్పుడు సామ్యేలు గారు అప్పన్న పేరు, తండ్రి పేరు, ఊరు ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఎక్కడున్నాడో కనుక్కుంటే చాలు, చెప్పవలసింది తానే రాసుకుంటానన్నారు. మలయాలో నాకు దొరికిన మొదటి సెలవు రోజునే ఆయన పనిచేసిన తోటకు వెళ్ళాను. అక్కడ ఆ పేరు ఎరిగినవాళ్ళు లేరు. ఆ సంగతే ఆయనకు రాశాను. జవాబుగా వచ్చిన కార్డులో ఒకే మాట ఉంది: ఇంకా అడుగు.

నేను సెలవు మీద ఇంటికి వచ్చేలోపే ఆయన పోయారు. చెప్పవలసినవారు లేకపోయినా అడగడం మానలేదు. ఉద్యోగరీత్యా ఎన్నో తోటల లెక్కలు చూశాను. ప్రతిచోటా పని అయ్యాక కూలీల పాత రిజిస్టరు అడిగి తెప్పించుకునేవాణ్ణి. పోయిన నెల మా మనవడి స్నేహితుడు ఒకడు మలేషియా నుంచి వచ్చాడు, తెలుగు సగం సగం వచ్చు. కాఫీ ఇచ్చి, ముత్తాత పేరేమిటి నాయనా అని అడిగాను. తెలియదన్నాడు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి కనుక్కోమన్నాను.