బావగారి త్రికోణం

రిటైరైన ఆ బస్సు కండక్టరును వీధిలో అందరూ మడతల కండక్టరు అనేవారు. ఉద్యోగమంతా నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ సందున పట్టుకున్న మనిషి. ఇంటిపట్టున కూర్చున్నంత మాత్రాన ఆ వేళ్ళు ఊరుకుంటాయా? కరెంటు బిల్లు, మందుల చీటీ, ఏది దొరికినా పడవో పిట్టో అయిపోవలసిందే. ‘పేపరు చదవనైనా చదవనివ్వరు కదా!’ అని భార్య మొత్తుకునేది.

ఆమె ఇంట్లోనే మిషను మీద బొంతలు కుట్టేది. ఒకరోజు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే ఆమె చెల్లెలు డ్యూటీ దిగి నేరుగా అక్క దగ్గరికి వచ్చింది.

“అక్కా, నాకో పువ్వుల బొంత కుట్టవే. అన్నీ మూడు మూలల ముక్కలే. ఆరు ముక్కలు కలిపితే ఒక పువ్వు.”

“మూడు వైపులూ సరిసమానంగా ఉండాలే. అలాంటి అట్టముక్క ఉంటేగానీ గుడ్డ కత్తిరించలేను.”

కండక్టరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “త్రికోణమేగా? చిటికెలో పని!” అంటూ పాత కాలెండరు కాగితం ఒకటి చింపి అటూ ఇటూ మడిచాడు. “ఇదిగో. కొలవనక్కర్లేదు. నా కన్నే స్కేలు.”

“ఆ కంటికి మొన్నేగా ఆపరేషన్ అయింది, బావా!” అంది మరదలు.

భార్య ఆ కొలతకే అట్ట కత్తిరించి, ఆరు ముక్కలు కోసి, కుట్టి బల్ల మీద పరిచింది. పువ్వు పడుకోలేదు. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. ఇస్త్రీ పెట్టినా నడుమ గోపురంలా నిక్కింది. మరదలు దాన్ని తీసి బావగారి నెత్తిన పెట్టింది. అచ్చంగా టోపీలా కుదిరింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

“కుట్టులో తేడా ఉంది,” అన్నాడాయన.

భార్య నవ్వు టక్కున ఆగింది. “నా కుట్టులోనా?”

ఆ పూట ఆయన టీ చల్లారిపోయి వచ్చింది.

ఇక పట్టుదల పుట్టింది. మంచం కింద, కిటికీ గట్టు మీద ఎక్కడ చూసినా త్రికోణాలే. ఒకటి ముక్కు సాగినది, ఒకటి నడుము బలిసినది, ఒకటి పక్కకు ఒరిగినది. ఊడ్చి ఊడ్చి విసిగిన భార్య చీపురు పట్టుకునే అడిగింది:

“ఏమండీ, మిగతా రెండు వైపులూ ఈ కింది అంచంత పొడవుండాలి, అంతేగా? మరి ఆ అంచునే లేపి చూసుకోకూడదా?”

ఆయన చెయ్యి ఆగిపోయింది. కొత్త కాగితం తీసి నిలువుగా సగానికి మడిచి విప్పాడు. నడుమ గీత పడింది. కింది అంచులో ఎడమ మూలను వేలితో నొక్కి పట్టి, కుడి మూలను పైకి లేపి ఆ గీత మీదికి తెచ్చాడు. మూల గీతను తాకిన చోట చుక్క పెట్టి, కాగితం విప్పాడు. చుక్క నుంచి కింది రెండు మూలలకూ చెరో మడత పెట్టాడు. టేపు పెట్టి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాడు. మూడు వైపులూ ఒక్కటే!

వెంటనే మరదలికి ఫోన్ చేశాడు.

“అబ్బో! ఎలా కుదిరింది బావా?”

ఆయన ఓరకంట భార్యను చూశాడు. ఆమె దారం పంట కొరుకుతూ ఇటే చెవి వేసి ఉంది.

“ఉపాయం మీ అక్కదే,” గొంతు సవరించుకున్నాడు, “మడిచింది మాత్రం నేనే.”

ఈసారి పువ్వులు చాపలా పడుకున్నాయి. బొంత పూర్తయ్యాక ఆయనే ఆసుపత్రికి మోసుకెళ్ళి ఇచ్చాడు. అక్కడి నర్సులు బొంత చుట్టూ మూగి, మరదలు చెప్పిన ఆ మడత తమకూ నేర్పమన్నారు. అడగడమే తడవు, బెంచీ మీద మధ్యలో కూర్చుని, టికెట్లు కొట్టే రోజుల్లోని గొంతుతో మొదలుపెట్టాడు: “ఆ మూలని గట్టిగా పట్టుకోండమ్మా, జారనివ్వకండి!”

ఉపాయం భార్యదని అక్కడెవరికీ చెప్పకుండానే ఇంటికి ఆలస్యంగా వచ్చాడు. ఏం చేశారింతసేపూ అని భార్య అడిగితే, ఊరికే అందరినీ పలకరించి వచ్చానన్నాడు.