ఎక్స్‌రే సార్ దాచిన పద్నాలుగేళ్లు

పోయిన నెల తాండూరు నుంచి ఒక కార్డు వచ్చింది. "ఎక్స్‌రే సార్ శుక్రవారం పొద్దున కాలం చేసిండు. నీకు తెల్వాలని రాస్తున్న." రెండే వాక్యాలు, కింద ఆయన భార్య సంతకం. నేను పాఠాలు చెప్పే కాలేజీలో సెలవు పెట్టి మరునాడే రైలెక్కాను. వాకిట్లో చాప మీద కూర్చున్న ఆ అమ్మ నన్ను చూసి ఏడవలేదు.

"గుండె నొప్పొచ్చి వారం దినాలు పండుకున్నడు బిడ్డా. నేను పోతే గుండె ఆగి పోయిండని చెప్పు, ఊపిరితిత్తులు మంచిగనే ఉండె అని చెప్పు, అడగకున్నా చెప్పు అన్నడు."

అందుకే పాఠకులకు కూడా ముందుగా ఆ మాటే చెబుతున్నాను. ఆయన ఊపిరితిత్తులు చివరిదాకా బాగానే ఉన్నాయి.

వికారాబాద్ పక్కన కొండ మీద ఉన్న క్షయ ఆసుపత్రిలో ఆయన ఎక్స్‌రే తీసేవారు. అంతకు ముందు అక్కడే రోగి. జబ్బు నయమై ఇంటికి వెళితే ఊళ్లో ఎవరూ పని ఇవ్వలేదట. తిరిగి కొండెక్కి వచ్చి, ఆ మిషను పని నేర్చుకుని అక్కడే ఉండిపోయారు.

నేను అక్కడికి వెళ్లింది పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు. నాకు పదేళ్లు. మాది కోట్‌పల్లి దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. దగ్గితే నెత్తురు పడుతోందని నాయిన నన్ను ఎడ్లబండి మీద తీసుకొచ్చాడు. చీకటి గదిలో ఆ ఇనుప చట్రాన్ని చూసి నేను గోడకు అతుక్కుపోయాను. సార్ తొందర పెట్టలేదు. ఛాతీ ఆనించే రేకును రెండు అరచేతులతో చాలాసేపు రుద్దారు.

"సల్లగుంటది. జర ఆగు, వెచ్చగైనంక నిలవడుదువు" అన్నారు.

పిల్లలొస్తే ఆయన ఎప్పుడూ అలాగే చేసేవారు. ఫిల్ములు కడిగే మందుకు ఆయన గోళ్లన్నీ గోధుమరంగుకు తిరిగిపోయాయి. ఆసుపత్రిలో అందరూ మమ్మల్ని మంచం నంబరుతో పిలిస్తే ఆయన మాత్రం ఊరి పేరుతో పిలిచేవారు. దోమ నుంచి వచ్చిన ముసలాయన "దోమ పెద్దాయన". నేను "కోట్‌పల్లి బిడ్డ". మా పళ్లేల్లోనే తినేవారు. ఎవరైనా వద్దంటే, "నా బీమారి నాకు అయిపోయింది. మీది మీకు అయిపోతది. నడుమ పళ్లెం ఏం జేసింది?" అనేవారు.

రెండేళ్లకు నాకు నయమైంది. ఇంటికి వెళ్లాక, నీళ్లడిగితే చుట్టాలు చెంబు నాకివ్వకుండా దోసిట్లో ఎత్తు నుంచి పోసేవారు. అప్పుడే నేను దాచడం నేర్చుకున్నాను. వికారాబాద్ బడిలో గానీ, తర్వాత హైదరాబాద్ పశువైద్య కళాశాల హాస్టల్లో గానీ ఒక్కరికీ చెప్పలేదు. కానీ ఏటా ఒకసారి, ఎవరూ చూడకుండా, కొండెక్కేదాన్ని. సార్ కొత్త ఫిల్ము తీసి, దాని అంచున నా ఊరూ పేరూ ఏడూ రాసి, పాతవాటి పక్కన చెక్కపెట్టెలో పెట్టేవారు.

ఆ పెట్టెల మీద పెద్ద గొడవే జరిగింది. ఐదేళ్లు దాటిన ఫిల్ములు అమ్మేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వాటిని కడిగి వెండి తీసుకునే వ్యాపారి బండి తోలుకుని వచ్చాడు. సార్ గదికి తాళం వేసి గడపలో కూర్చున్నారు. "గివి పారేసే రద్దీ గాదు. ఒక్కొక్కటి ఒక మనిషి. మనిషిని అమ్మే కాయితం తెచ్చినవా?" అని అడిగారు. బండి ఖాళీగా కొండ దిగింది. ఉత్తర్వు మళ్లీ మళ్లీ వచ్చింది. ఆయన మళ్లీ మళ్లీ గడపలో కూర్చున్నారు.

అరవై మూడులో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం నాకు సీటూ ఉపకార వేతనమూ ఇచ్చింది. గొర్రెలకు వచ్చే జబ్బుల మీద చదువు. పాస్‌పోర్టు వచ్చింది. మిగిలింది వీసా, అది మద్రాసులోని అమెరికా కాన్సులేటులో ఇస్తారు. ఆ దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: మీకు ఎప్పుడైనా క్షయ వచ్చిందా? దాంతోపాటు ఛాతీ ఎక్స్‌రే తేవాలన్నారు.

నా కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందని నాకు తెలుసు. ఆ ప్రశ్న ఎదురుగా "లేదు" అని రాశాను. మా చిన్నాయన కూతురిని వెంటబెట్టుకుని కొండెక్కాను. నా ఈడుదే, ఏ జబ్బూ ఎరగని పిల్ల.

"సార్, దీని ఫిల్ము తీసి నా పేరు రాయుండ్రి" అన్నాను.

ఈ మాట ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సార్ మా చెల్లెలిని బయట కూర్చోమన్నారు. తలుపు వేసి, నా చేతిలోని దరఖాస్తు తీసుకుని చదివారు.

"పేరు రాసుడు నాకు రెండు నిమిషాల పని. కని ఆడ దిగినంక మల్ల తీస్తే ఏం జేస్తవు? చెల్లెను సంకల వెట్టుకొని పోతవా?"

దరఖాస్తు వెనక్కు తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.

"మచ్చ దాస్తే నువ్వింకా రోగివే. సూపిస్తేనే మానినట్టు. నేను పద్నాలుగేండ్ల సంది గీ గదిల ఎవలి కోసం కూసున్న బిడ్డా? నువ్వు 'లేదు' అని రాసుకునేటందుకా?"

ఆయన కోపంగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే. నా ఏడుపు ఆగేదాకా చూసి, కలం ఇచ్చారు. "లేదు" కొట్టేసి "వచ్చింది, మానింది" అని రాశాను.

"ఇగ సాలు. మద్రాసుకు నేనూ వస్త" అన్నారు.

నన్ను చేర్చుకున్నప్పటి కాగితాలన్నీ ఉర్దూలో, నిజాం కాలపు ఫసలీ సంవత్సరాల లెక్కలో ఉన్నాయి. మూడు రోజులు వరండాలో కూర్చుని వాటిని తనకొచ్చిన ఇంగ్లీషులోకి మార్చారు. పెద్ద డాక్టరు సెలవు ఇవ్వనన్నారు. ఫిల్ములు సర్కారు సొత్తు, గేటు దాటరాదన్నారు. సార్ పద్నాలుగు ఫిల్ములనూ రెండు అట్టల మధ్య పెట్టి, నల్ల గొంగడిలో చుట్టి, చంకన పెట్టుకుని పట్టపగలు అదే గేటులోంచి నడిచి వచ్చారు.

మద్రాసులో కాన్సులేటు వాళ్లు మమ్మల్ని ఎవరి దగ్గరికి పంపారో ఆ డాక్టరు తమిళుడు, పెద్ద వయసువాడు. నేను తెచ్చిన కొత్త ఫిల్ము చూసి, దరఖాస్తు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ మచ్చ మానిందో లేదో ఒక్క ఫిల్ముతో చెప్పలేను. ఏడాది ఆగి రామ్మా" అన్నాడు. ఏడాది ఆగితే సీటు ఉండదు. నేను లేచాను. తలుపు దగ్గర నౌకరు అడ్డుపడుతున్నా సార్ లోపలికి వచ్చేశారు. ఆయన ఇంగ్లీషును తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"డాక్టర్ సాబ్, మీరు ఒక్క దినం సూసిన్రు. నేను పద్నాలుగేండ్లు తెచ్చిన."

డాక్టరు బయటికి పొమ్మనలేదు. ఫిల్ములు చూసే దీపం పెట్టెలో ఒక్క ఫిల్మే పడుతుంది. సార్ వాటిని కిటికీ అద్దాల చట్రాల్లో వరసగా దోపారు. జారకుండా పై వరస ఆయన పట్టుకున్నారు, కింది వరస నేను. బయటి ఎండకు నా ఛాతీ పద్నాలుగు చోట్ల వెలిగింది. మొదటి దాంట్లో గుండ్రటి గుంట. మూడో దాంట్లో అది సగం. ఐదో దాని నుంచి సన్నటి గీత. ఆ పైన ఏ ఏడూ గీత వెంట్రుకవాసి కదల్లేదు.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చూశాడు.

"ఇవన్నీ దాచమని నీకెవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలె. పారెయ్యమని జెప్పిన్రు."

డాక్టరు అప్పటికప్పుడు నేను ఆరోగ్యంగా ఉన్నానని రాసిచ్చాడు. వీసా అధికారి మర్నాడు రెండే ప్రశ్నలు అడిగాడు. మీ నాన్న ఏం చేస్తారు? గొర్రెలు కాస్తారు. చదువయ్యాక ఏం చేస్తావు? తిరిగొచ్చి ఆ గొర్రెలకే వైద్యం చేస్తాను. ముద్ర పడింది.

ఆ ముద్రకు మూల్యం సార్ చెల్లించారు. చెప్పకుండా వెళ్లినందుకూ సర్కారు సొత్తు తీసుకెళ్లినందుకూ సంజాయిషీ అడిగారు. "తీసుకపోయిన, తిరిగి తెచ్చి పెట్టిన. మళ్లీ అవసరమైతే మళ్లీ తీసుకపోత" అని రాసిచ్చారు. ఆయన్ని తాండూరు దవాఖానాకు బదిలీ చేశారు. అక్కడ ఎక్స్‌రే మిషనే లేదు. కట్లు కట్టే పని ఇచ్చారు. ఉద్యోగం చివరిదాకా అదే చేశారు. నేను చదువు ముగించి తిరిగొచ్చాక ఒకసారి, "నా వల్లనే గదా సార్" అంటే, "నీ వల్ల గాదు, నా నోటి వల్ల. నోరు నాకు పనికొచ్చింది, ఉండనీ" అన్నారు.

నేను అమెరికాకు బయల్దేరేనాటికే ఆయన తాండూరు చేరిపోయారు. బొంబాయి వెళ్లి ఓడ ఎక్కాలి. నాయిన వికారాబాద్‌లో రైలెక్కించాడు. మధ్యాహ్నం బండి తాండూరులో ఆగింది. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మధ్యలో సార్ ఉన్నారు. పక్కన ఐదుగురు. షాబాదు బండలు కొట్టే మనిషి, పప్పు మిల్లులో పనిచేసే ఆమె, బడిపంతులు, కొత్తగా పెళ్లయిన ఒకమ్మాయి, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ముసలాయన. అందరూ కొండ మీద నయమై దిగినవాళ్లే. నాలాగే ఊళ్లో నోరు మెదపకుండా బతుకుతున్నవాళ్లే. ముసలాయన కన్నడంలో "హోగి బా తాయి", వెళ్లి రా తల్లీ, అన్నాడు.

స్టేషన్ మాస్టరు ఎవరు వీళ్లంతా అని అడిగాడు.

"క్షయ వచ్చి మానినోళ్లం. మాలోని పిల్ల అమెరికాకు పోతుంది, సాగనంప వచ్చినం" అన్నారు సార్, ప్లాట్‌ఫారం అంతా వినపడేలా.

చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా వెనక్కు జరిగారు. వాళ్ల చుట్టూ గుండ్రంగా నేల ఖాళీ అయింది. కొత్త పెళ్లికూతురు తల దించుకుంది, మళ్లీ ఎత్తింది. బండి కదిలింది. మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను. ఆ ఖాళీ నేల నడిమధ్యన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆరుగురూ భుజం భుజం ఆనించి నిలబడే ఉన్నారు.