లవెల్ చేతికందని బంతి

లవెల్ పిట్‌మన్‌ను కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నది బంతి పట్టడానికి. మైదానం అంచున నిలబడే రిసీవర్ పని పరుగెత్తి, దూరం నుంచి విసిరిన బంతిని అందుకోవడమేనని అలబామాలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. కోచ్ బ్రుబేకర్‌కు మాత్రం బంతి గాల్లోకి లేస్తే గుండె దడ. ఆయన జట్టు బంతిని పొట్టకు హత్తుకుని, గుంపులో దూరి, తోసుకుంటూ పోయేది. అయినా ఆయన లవెల్‌ను జట్టులోకి అడగడానికి వాళ్లింటికి వచ్చి, తల్లి అర్నెటా పీచ్ పళ్లతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం రెండుసార్లు వడ్డించుకుని, మీవాడి కోసం మా ఆటే మార్చేస్తానమ్మా అనేసరికి తల్లీకొడుకులు నమ్మేశారు.

ఆయన ఏమీ మార్చలేదు. బంతి మోసేవాడికి దారివ్వడానికి, ఎదుటి జట్టువాణ్ణి భుజంతో గుద్ది పక్కకు నెట్టడం లవెల్ పని అయింది. నాలుగేళ్లూ అదే. చేతి తొడుగులు అరక్కుండానే పాతబడ్డాయి. ప్రతి శనివారం అర్నెటా కొడుకు నంబరున్న చొక్కా వేసుకుని ఆటకు వచ్చేది. మీవాడు ఏమాడతాడని పక్కవాళ్లు అడిగితే రిసీవరని చెప్పేది. ఎన్ని పట్టాడని అడిగితే ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం వాళ్ల ముందుకు తోసేది.

పెద్ద జట్లు పిలుస్తాయన్న ఆశ లవెల్‌కు ఏనాడో పోయింది. అమ్మ చూస్తుండగా ఒక్క బంతి పట్టాలి, అంతే.

సొంత మైదానంలో ఆఖరి ఆటకు ముందు, చదువు ముగుస్తున్న ఆటగాళ్లు అమ్మానాన్నలతో కలిసి మైదానంలోకి నడుస్తారు. కోచ్ కరచాలనానికి చెయ్యి చాపితే అర్నెటా పట్టుకుని వదల్లేదు.

"మా ఇంట్లో తిన్నది ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది కోచ్ గారూ. ఇచ్చిన మాట కూడా అరిగిపోయిందా?"

నలుగురూ వింటున్నారు. కోచ్ టోపీ సర్దుకున్నాడు.

గెలుపు ఖాయమయ్యాక ఆయన లవెల్‌ను పిలిచి, ఈసారి బంతి నీకేరా అన్నాడు. ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. లవెల్ పరుగందుకున్నాడు. బంతి లేచింది. ఇంతలో అడ్డుకోవడానికి ఎదుటి జట్టువాడు ఎదురొచ్చాడు. నాలుగేళ్ల అలవాటు ఎవరి అనుమతీ అడగలేదు. భుజం దించి, వాణ్ణి ఎత్తి కుదేశాడు. బంతి వచ్చి లవెల్ వీపుకు తగిలి కిందపడింది. బంతి గాల్లో ఉండగా అలా గుద్దడం తప్పని రెఫరీ పసుపు గుడ్డ కూడా విసిరాడు.

మైదానమంతా పగలబడి నవ్వింది. కోచ్ లవెల్ వీపు తట్టి, ఇంత శుభ్రమైన గుద్దు తన జన్మలో చూడలేదనీ, వచ్చే ఏడాది కొత్తవాళ్లకు ఇదే చూపిస్తాననీ అన్నాడు. ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి.

ఆట అయ్యాక గేటు దగ్గర నిలబడ్డ తల్లితో లవెల్ మొదట ఆ మాటే చెప్పాడు.

"కోచ్ మెచ్చుకున్నారమ్మా."

అర్నెటా కొడుకు ముఖంలోకి చూసింది.

"బంతి కనబడలేదా నాన్నా?"

"కనబడింది."

అన్నాక గాని ఆ మాట తనకే వినపడలేదు: బంతిని చూసి కూడా మనిషినే గుద్దాడు. ఇక తల్లి వైపు చూడలేకపోయాడు.