నేను కనిపెట్టిన సరస్సు

ముప్పై నలుగురు ఆడవాళ్ళను, వాళ్ళ క్యారియర్లను, ఒక హార్మోనియాన్ని బస్సులో ఎక్కించి పిక్నిక్ పేరుతో నేను ఎక్కడికి తీసుకుపోయానో చెబితే మీరు నమ్మరు. మా చర్చి స్త్రీల సమాజం వాళ్ళు కళ్ళారా చూశారు, అయినా ఇవాళ్టికీ నమ్మరు. వాళ్ళు నమ్మింది ఇంకొకటి. అది తప్పని చెప్పే ధైర్యం లేక ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. ఈ రోజు మీ ముందు దించేస్తున్నాను, కాస్త చెయ్యి వేయండి.

నాది నంద్యాల. సముద్రాన్ని పెళ్ళయ్యాకే చూశాను. నెల్లూరుకు కోడలిగా వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పిల్లలకు ప్రపంచ పటం గీసి చూపిస్తాను కాబట్టి ప్రపంచమంతా నాకు తెలుసని నా నమ్మకం. మా ఇంటి నుంచి కూరగాయల మార్కెట్టుకు మాత్రం ఎవరైనా తోడు రావాల్సిందే.

మా అత్తయ్య ఎస్తేరమ్మ గారు స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. మనసు వెన్న, మాట ఇనుము. అన్నిటికీ సర్దుకుపోతుందిగానీ మా ఇంట్లో రొయ్య వండనివ్వదు. నెల్లూరులో ఉంటూ రొయ్య తినని ఇల్లు! కొత్తలో నాకీ సంగతి తెలియక ప్రేమగా అరకిలో తెస్తే, మా ఆయన సుధీర్ గుమ్మంలోనే సంచీ లాక్కుని పక్కింట్లో ఇచ్చేసి వచ్చాడు.

"ఎందుకండీ?" అంటే, "అమ్మకి, శామ్యూలు మామకి మాటల్లేవు" అన్నాడు.

రొయ్యకూ మామకూ సంబంధమేమిటో అప్పుడు చెప్పాడు. అత్తయ్య తమ్ముడు ఇందుకూరుపేట దగ్గర ఉంటాడు. నాకు వరసకు చిన్నాయన. వాళ్ళ అమ్మ చనిపోయేదాకా వంగి నాట్లు వేసిన మడిని ఆయన తవ్వించి, ఉప్పునీళ్ళు పెట్టి, రొయ్యల గుంట చేశాడట. అత్తయ్య ఆ గట్టు దగ్గర నిలబడి, "ఈ గట్టు మీద నా కాలు పడదు. నీ రొయ్య నా నోట పడదు" అని వచ్చేసిందట. నేను కోడలిగా వచ్చే నాటికే అది పాత గొడవ. ఆ చిన్నాయనను నేను ఫోటోలో తప్ప చూడలేదు. అత్తయ్య మాత్రం ప్రతి రాత్రీ ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి, చివర్లో కాసేపు ఊరికే ఆగేది. ఆ ఆగడం ఎవరి కోసమో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇక పిక్నిక్ సంగతి. దేశమంతా గొడుగులు మడిచి అటకెక్కించాక మా నెల్లూరుకు వానాకాలం మొదలవుతుంది. నవంబరంతా వాయుగుండాలే. క్రిస్మస్ దాటితేగానీ ఆకాశం తెరిపి ఇవ్వదు. జనవరికి చెరువులు నిండి, గట్లు పచ్చబడి, ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది. సమాజం పిక్నిక్ అప్పుడే. ప్రతి ఏడూ మైపాడు బీచే. అదే కొబ్బరితోట, అదే కుర్చీలాట, అదే సరోజినక్క గెలుపు.

ఆ ఏడు నన్ను కార్యదర్శిని చేశారు. చేసిన మొదటి మీటింగులోనే లేచి నిలబడ్డాను.

"ఈసారి కొత్త చోటికి పోదామండీ. వానలు పోయాయి, ఎక్కడ చూసినా ప్రకృతి పరవశించిపోతోంది."

సరోజినక్క కళ్ళద్దాల మీదుగా చూసింది. "ప్రకృతి కాడ బాత్రూముండాదా?"

"చూస్తానక్కా."

"చూసేదేందమ్మే? మైపాడులో యాడ నీడుండాదో, యాడ బాత్రూముండాదో మాకు తెలుసు. అక్కడికే పోదాం."

నా మొహం చిన్నబోయింది. అది చూసి అత్తయ్య గొంతు సవరించుకుంది. "మా కోడలు చదువుకున్న పిల్ల. చోటు అదే చూస్తాది. చోటు బాగలేదంటే నేను ఈ అధ్యక్ష పదవి వదిలేసి వెనక బెంచీలో కూచుంటా. సరేనా?"

ఎవరూ అడగకుండానే పదవిని పణం పెట్టేసింది. ఆవిడ పద్ధతే అంత.

వారం రోజులు ఫోన్ వదల్లేదు. వానల తర్వాత చూడాల్సిన పది చోట్లు, పాతిక చోట్లు, చచ్చేలోపు చూడాల్సిన వంద చోట్లు. ఒకటి కేరళలో, ఒకటి అండమాన్లో. మాకేమో సాయంత్రం ఆరింటికల్లా ఇళ్ళకు చేరాలి. చివరికి ఒక ఫోటో దొరికింది. ఆకాశం నుంచి తీసింది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొబ్బరిచెట్లు, నడుమ నీలాలూ పచ్చలూ పరిచినట్టు సరస్సులు. ఒక్కో సరస్సులో నాలుగేసి ఫౌంటెన్లు తెల్లగా నీళ్ళు చిమ్ముతున్నాయి. కింద 'నెల్లూరు తీరంలో ఎవరికీ తెలియని నీలి సరస్సులు' అని రాసి ఉంది, దారి కూడా ఇచ్చారు.

సరస్సులన్నీ స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరంగా ఎందుకున్నాయా అని నాకూ ఒక్క క్షణం అనిపించింది. ఏదో భౌగోళిక కారణం ఉంటుందిలే అనుకున్నాను. సోషల్ టీచర్ని కదా!

ఆ ఫోటో ఇంట్లో ఒక్కరికి చూపించి ఉంటే ఈ కథే లేదు. చూపిస్తే గొప్పేముంది? "సస్పెన్స్" అన్నాను. సుధీర్ అడిగితే సస్పెన్స్. అత్తయ్య అడిగితే సస్పెన్స్. సరోజినక్క అడిగితే, "బాత్రూము ఉంది, మిగతాది సస్పెన్స్." బాత్రూము సంగతి నాకేం తెలుసు? ఫౌంటెన్లు పెట్టినవాళ్ళు బాత్రూము పెట్టరా అని లెక్క.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. దారి చూపే ఫోన్ డ్రైవరు చేతికిచ్చి ముందు సీట్లో రాణిలా కూర్చున్నాను. కొంత దూరం పోయాక డ్రైవరు, "ఆ దారిలో కల్వర్టు మీద ఇంకా నీళ్ళు పోతుండాయి మేడం, సముద్రం పక్కనుంచి చుట్టుకొని పోదాం" అన్నాడు. నలభై నిమిషాల దారి గంటన్నర అయింది. అత్తయ్య వెనక సీట్లో అందరిచేతా పాటలు పాడిస్తూ కిటికీ వైపే చూడలేదు. చూసినా గుర్తుపట్టేది కాదు. ఆవిడకు తెలిసింది ఊరి వైపు నుంచి వచ్చే దారి, అప్పటికి చుట్టూ వరి ఉండేది.

బస్సు ఆగింది. తలుపు తెరవగానే ఒక వాసన లోపలికొచ్చింది.

"ఏందమ్మే ఈ వాసన?" అంది సరోజినక్క.

"ప్రకృతి అక్కా" అన్నాను.

ఆవిడ దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూసింది. గుంటల మీద అడ్డంగా తాళ్ళు, వాటి మీద పిట్టలను బెదిరించే మెరుపు రిబ్బన్లు, చెవులు పగిలే మోటార్ల చప్పుడు.

"అమ్మే ప్రసన్నా, ఇవి రొయ్యల గుంటలు."

"కాదక్కా, సరస్సులు. ఫౌంటెన్లు చూడండి."

"ఏరేటర్లు మే అవి! రొయ్యలకు గాలాడేదానికి పెడతారు. మా ఆయన ఇరవై ఏండ్లు ఇదే పని చేసినాడు, నాకు చెప్తావా?"

వెనక ముప్పై మంది దిగుతున్నారు, అందరి చేతుల్లో చాపలు. ఈలోగా గట్టు మీదనుంచి ఒకాయన లుంగీ ఎగగట్టి, రెండు చేతులూ పైకెత్తి పరిగెత్తుకొచ్చాడు.

"ఆగండి! గట్టెక్కొద్దు! ఎవురు మీరు? పక్క గుంటల్లో రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చుండాది. కాళ్ళకంటుకొని వస్తే నా పంట మొత్తం పోతాది!"

అత్తయ్య అధ్యక్షురాలు కదా, సమాధానం చెప్పడానికి అందరినీ తప్పించుకుని ముందుకొచ్చింది. ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆయన చేతులు పైకెత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి.

"శామ్యూలూ" అంది అత్తయ్య, చాలా మెల్లగా.

అప్పుడు తెలిసింది నేను కనిపెట్టిన సరస్సు ఎవరిదో. జిల్లాలో ఇన్ని వేల గుంటలుంటే నా వేలు పోయి పోయి ఈ గుంట మీదే పడాలా? భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలదు, అది బలమైన ఒండ్రునేల.

అంతలో సరోజినక్క అందుకుంది. "తెల్లమచ్చ సంగతి సరే అబ్బయ్యా, బాత్రూముండాదా?"

"ఉండాదక్కా. ఆ గట్టు మీద, షెడ్డు కాడ. చెప్పులు ఈడ్నే విడిచి, కాళ్ళు మందునీళ్ళలో ముంచి పోవాల."

గట్టు మొదట్లో సిమెంటు తొట్టి, దాన్నిండా ఊదారంగు మందునీళ్ళు. గంటన్నర బస్సులో కూర్చున్న ఆడవాళ్ళకు వేరే దారేముంది? ఒక్కొక్కరే చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టి, తొట్టిలో దిగి, ఊదారంగు పాదాలతో గట్టు మీద వరసగా పోయారు. అత్తయ్య ఒక్కతే ఇవతల నిలబడింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. అత్తయ్యకు షుగరు. అరగంటకోసారి వెళ్ళాల్సిన మనిషి. ఆ గట్టు మీద కాలు పెట్టనని అన్న మాట ఒక పక్క, షుగరు ఇంకో పక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడింది. నేను "అత్తయ్యా" అంటే, "నాకేం వద్దు" అంది. రెండు నిమిషాలయ్యాక ఆ గొంతు మారిపోయింది. "పా" అంది.

చెప్పులు విడిచి తొట్టి దగ్గరికి వచ్చిందిగానీ, మోకాళ్ళ నొప్పులు. ఆ ఎత్తు అంచు దాటలేకపోయింది. చిన్నాయన ఒక్కసారి ఆవిడ పాదాల వైపు, ఒక్కసారి తన గుంటల వైపు చూశాడు. తర్వాత మగ్గుతో మందునీళ్ళు ముంచి, కింద గొంతుక్కూర్చుని, అత్తయ్య పాదాన్ని తన చేతిలోకి తీసుకుని కడగడం మొదలుపెట్టాడు. అలా ఇలా కాదు. మడమ, అరికాలు, ఒక్కో వేలి సందూ.

షెడ్డు నుంచి తిరిగొస్తున్న వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. మా చర్చిలో ఈస్టరుకు ముందు గురువారం పాస్టరు గారు కూర్చుని పెద్దల పాదాలు కడుగుతారు. ఏసుప్రభువు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తు. అలాంటివాళ్ళ ముందు ఒక తమ్ముడు, మాటల్లేని అక్క పాదాలు కడుగుతుంటే ఏమనుకుంటారు?

అత్తయ్య కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలాయి. వంగి ఆయన తల మీద చెయ్యి పెట్టింది. "నేనన్ని మాటలన్నా నా కాళ్ళు కడుగుతావా తమ్ముడా?"

చిన్నాయన మగ్గు పట్టుకుని బిక్కమొహం వేసుకుని పైకి చూశాడు. తలొంచి రెండో పాదం తీసుకున్నాడు. ఎవరో హార్మోనియం అందుకున్నారు. సరోజినక్క అందరికంటే గట్టిగా ఏడ్చింది.

ఆ గట్టు మీదే, వాళ్ళ అమ్మ నాట్లు వేసిన చోటే, చాపలు పరిచి భోంచేశాం. చిన్నాయన వల విసిరి నాలుగు కిలోల రొయ్యలు పట్టి షెడ్డులో వేపుడు చేయించాడు. అత్తయ్య మొదటి రొయ్య నోట్లో పెట్టుకుంటుంటే అందరం ఆవిడ వైపే చూశాం. మెల్లగా నమిలింది. "ఉప్పు చాల్లేదు" అంది. "అమ్మ కూడా ఇట్నే అనేది" అని చిన్నాయన మొహం తిప్పుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బయల్దేరేముందు చిన్నాయన నన్ను మోటారు షెడ్డు వెనక్కి పిలిచాడు.

"అమ్మే, నిజం చెప్పు. అక్కను ఈడికి తేవాలని నీకెట్టా తోచింది?"

"తోచలేదు చిన్నాయనా. ఫోన్లో ఫోటో చూసి సరస్సనుకున్నాను."

"ఏరేటర్లు కనపడలా?"

"ఫౌంటెన్లనుకున్నాను."

కాసేపు నన్ను జాలిగా చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేనూ ఒకటి చెప్తా, ఎవురికీ చెప్పబాక. మొదటి కాలు రొయ్యల కోసమే కడిగినా. మీరు ఏ గుంట మీదనుంచి నడిచొచ్చినారో ఏమోనని."

"మరి రెండోది?"

"రెండోది మా అక్కదని కడిగినా" అన్నాడు.

ఇద్దరం ఈ సంగతి పైకి రానివ్వకూడదని అక్కడే అనుకున్నాం.

మర్నాడు ఆరాధనలో పాస్టరు గారు నన్ను నిలబెట్టి, తెగిన బంధాన్ని కలపడానికి దేవుడు ఈ కోడలికి ఇచ్చిన వివేకం గురించి పావుగంట చెప్పారు. బయటికొచ్చాక సరోజినక్క నా బుగ్గ గిల్లింది. "ఫౌంటెన్లు చూడండక్కా అన్నావే! ఎంత నాటకమాడినావమ్మే! నేను కూడా నిజంగా నీకు తెలీదనుకున్నా." నేను వినయంగా తలొంచాను. అత్తయ్య పదవి నిలబడింది, ప్రార్థనలో చివర ఆగడం పోయి ఆ చోట ఒక పేరు వచ్చింది. ఇప్పుడు నోరు తెరిచి నేనేం చెడగొట్టను?

మొన్న ఈ ఏటి పిక్నిక్ మీటింగు జరిగింది. అందరూ నా వైపే తిరిగారు. సరోజినక్క నా చెవిలో, "మన సమాజంలో లిల్లీకీ, దాని తోడికోడలికీ రెండేండ్లుగా మాటల్లేవు. ఈసారి చోటు ఆ సంగతి చూసి పెట్టు. నీకు చెప్పాలా?" అంది.

అందుకని కార్యదర్శి హోదాలో ఇందుమూలంగా తీర్మానిస్తున్నాను. ఆకాశం నుంచి తీసిన ఏ ఫోటోనూ ఇకమీదట నమ్మను. నలుచదరంగా ఉన్న నీళ్ళను సరస్సు అనను. సస్పెన్స్ అనే మాట ఈ జన్మలో నా నోట రాదు. ఈ తీర్మానాన్ని ప్రతిపాదించింది నేనే, బలపరిచింది నేనే, ఏకగ్రీవంగా ఆమోదించిందీ నేనే.

ఇక ఈ ఏటి చోటంటారా, రాత్రి ఒక ఫోటో దొరికింది. సముద్రం పక్కన తెల్లగా, కనుచూపుమేర మంచు కురిసినట్టుంది. మన నెల్లూరులో మంచు! సుధీర్‌కు చూపిద్దామనుకుంటున్నాను. ఉప్పు మడులంటాడేమోనని భయంగా ఉంది. లిల్లీ అక్క తోడికోడలి పుట్టింటివాళ్ళకు ఏవో ఉప్పు మడులు ఉన్నాయని ఆమధ్య ఎవరో అన్నట్టు గుర్తు.